మీకు తెలుసా? తెల్లవారుజాము కలకే ఎందుకంత పేరు

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. మంచి కలైతే ఇక పడుకోకుండా లేచి కూర్చోమంటారు. పీడకలైతే కాళ్లు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని మళ్లీ పడుకోమంటారు. ఈ నమ్మకం నిన్నా మొన్నా పుట్టింది కాదు. వాల్మీకి రామాయణంలో, మేనమామ ఇంట ఉన్న భరతుడికి తండ్రి గురించి చెడ్డ కల వచ్చింది తెల్లవారబోయే వేళకే. వైద్యగ్రంథమైన చరకసంహితలోనూ ఇదే మాట ఉంది. రాత్రి మొదటి భాగంలో వచ్చిన కలకు ఫలం తక్కువట. కల వచ్చాక మళ్లీ కన్ను మూతపడకపోతే దాని ఫలం పెద్దదట.

జరగబోయేదాన్ని కల ముందే చెబుతుందా అన్న సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ వేళ వచ్చే కలకు ఒక ప్రత్యేకత ఉందన్న మాట మాత్రం ముమ్మాటికీ నిజం. మన నిద్ర రాత్రంతా ఒకే తీరున సాగదు. గంటన్నరకు ఒకటి చొప్పున నాలుగైదు విడతలుగా నడుస్తుంది. ఒక్కో విడత చివర, మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా కదిలే దశ ఒకటి వస్తుంది. దాన్నే రెమ్ నిద్ర అంటారు. చిక్కటి కలలు, కథలాగా నడిచే కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. మొదటి విడతలో ఈ దశ కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారేసరికి అరగంటకు కూడా సాగుతుంది. అంటే రాత్రంతటిలో పొడవైన కలలు, రంగూ రూపం ఉన్న కలలు మనకు కోడికూత వేళకే వస్తాయి.

పైగా మెలకువ వచ్చేది కూడా చాలాసార్లు ఆ కలలోంచే. కల నడుస్తుండగా కళ్లు తెరిస్తేనే అది గుర్తుండే అవకాశం ఎక్కువ. కల ముగిసి, గాఢనిద్ర పట్టి, ఆ తర్వాత లేస్తే ఆనవాలు కూడా మిగలదు. రాత్రి పన్నెండింటికి వచ్చిన కల నిజమైనా ఆ సంగతి మనకు తెలిసే దారే లేదు. గుర్తున్న కలనే కదా తర్వాత జరిగినదానితో పోల్చి చూసుకుంటాం! తెల్లవారుజాము కలకు అంత పేరు రావడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఎనిమిదేళ్ల పిల్లవాడి కళ్లు

రెమ్ నిద్ర సంగతి లోకానికి మొదట తెలిసింది ఒక చిన్న పిల్లవాడి వల్ల. 1951 చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. ఇంట్లో డబ్బుకు కటకట. నేలమాళిగలో ఎవరికీ పట్టకుండా పడి ఉన్న పాత యంత్రాన్ని బాగుచేసుకున్నాడు. మెదడులోని విద్యుత్ తరంగాలను, కళ్ల కదలికలను కాగితం మీద గీసే యంత్రం అది. ఎనిమిదేళ్ల కొడుకు ఆర్మండ్‌ను పడుకోబెట్టి, తలకూ కళ్ల చుట్టూ తీగలు అంటించి, పక్క గదిలో కూర్చున్నాడు.

కొంత రాత్రి గడిచాక నెమ్మదిగా కదులుతున్న కలాలు ఉన్నట్టుండి పైకీ కిందికీ ఊగడం మొదలుపెట్టాయి. మేలుకున్న మనిషి అటూ ఇటూ చూస్తుంటే పడే గీతలవి. పిల్లవాడు లేచాడేమో అనుకుని వెళ్లి చూస్తే ఆర్మండ్ ఆదమరిచి నిద్రపోతున్నాడు. యంత్రమే పాడైందేమోనని అసెరిన్‌స్కీకి చాలాకాలం అనుమానం. మళ్లీ మళ్లీ చూశాడు, పెద్దవాళ్ల మీదా చూశాడు. అదే తీరు. ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది కల వచ్చిందనే చెప్పారు. 1953లో ఆయనా, ఆయన గురువు నథానియల్ క్లైట్‌మనూ కలిసి ఈ సంగతి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. నిద్ర అంటే మెదడుకు విశ్రాంతి తప్ప మరేమీ కాదన్న పాత లెక్క దానితో తప్పిపోయింది.

అదే ప్రయోగశాలలో విలియం డిమెంట్ అనే యువకుడు మరో అడుగు ముందుకు వేశాడు. కల క్షణంలో అయిపోతుందని, మనకే అంతసేపు నడిచినట్టు తోస్తుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. కనుగుడ్లు కదలడం మొదలయ్యాక ఒకసారి ఐదు నిమిషాలకు, ఇంకోసారి పదిహేను నిమిషాలకు లేపి, కల ఎంతసేపు నడిచిందని అడిగాడు. ఎక్కువసార్లు సరిగ్గానే చెప్పారు. కలలో గడిచే కాలం దాదాపు మన గడియారం కాలమేనని 1957లో అలా తేలింది.

ఒళ్లు కదలకపోవడం వరం

కలలో పరుగెత్తుతాం, కొట్లాడతాం, గోడలు దూకుతాం. మరి మంచం మీద ఒళ్లు ఎందుకు కదలదు? రెమ్ నిద్రలో మెదడు అడుగుభాగం నుంచి వెన్నుపాముకు ఒక ఆదేశం వెళ్తుంది. దానితో చేతులు, కాళ్ల కండరాలు సడలిపోతాయి. కళ్లు, ఊపిరికి పనికొచ్చే కండరాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో మిషెల్ జూవే ఈ ఆదేశం పుట్టే చోటును పిల్లులలో దెబ్బతీసి చూశాడు. ఆ పిల్లులు రెమ్ నిద్రలోనే లేచి నిలబడ్డాయి. లేని ఎలుక మీదికి పొంచి దూకాయి, లేని శత్రువు మీద పంజా విసిరాయి. ఎదుట పెట్టిన తిండిని మాత్రం కన్నెత్తి చూడలేదు. పిల్లి ఏం కల కంటుందో మనిషి కళ్లారా చూసిన మొదటి సందర్భం బహుశా అదే.

ఒక్కోసారి మనకు మెలకువ వచ్చేస్తుంది కానీ ఈ కట్టు ఇంకా విడదు. కళ్లు తెరిచే ఉంటాయి, గది కనిపిస్తూనే ఉంటుంది, చెయ్యి లేవదు, నోరు పెగలదు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. దయ్యం పట్టి నొక్కిందని మన ఊళ్లలో చెప్పుకునేది చాలావరకు ఇదే. సగం మేలుకున్న మెదడు ఇంకా కలను పూర్తిగా వదలకపోవడం వల్ల నీడలు, ఆకారాలు కూడా కనిపిస్తాయి. నిద్ర చాలనివాళ్లకు, వెల్లకిలా పడుకునేవాళ్లకు ఇది ఎక్కువ. కొద్ది సెకన్లలోనో ఒకటి రెండు నిమిషాల్లోనో దానంతటదే పోతుంది. అందులో ప్రాణభయం ఏమీ లేదు. దీన్ని గాలి, ధూళి అనుకుని ఆడపిల్లలను భూతవైద్యుల దగ్గరికి తిప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పిల్లలకు ముందు కావాల్సింది కంటినిండా నిద్ర, ధైర్యం చెప్పే మనిషి.

చరకుడి ఏడు రకాలు

కలకు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? చరకసంహిత కలలను ఏడు రకాలుగా విడదీసింది. చూసినదాని వల్ల వచ్చేది, విన్నదాని వల్ల వచ్చేది, అనుభవించినదాని వల్ల వచ్చేది, కోరుకున్నదాని వల్ల వచ్చేది, ఊహించుకున్నదాని వల్ల వచ్చేది, జరగబోయేదాన్ని సూచించేది, ఒంట్లో దోషం వల్ల వచ్చేది. ఇందులో మొదటి ఐదింటికీ ఫలం లేదని, వాటిని పట్టించుకోనక్కర్లేదని ఆ గ్రంథమే చెబుతోంది. స్వప్నఫలితాల పుస్తకాలు అచ్చువేసేవారు ఎందుకో గానీ ఈ వాక్యం జోలికి పోరు.

ఇప్పటి పరిశోధనలు తేల్చింది కూడా ఆ మొదటి ఐదు రకాలకు చాలా దగ్గరగానే ఉంది. ఇవాళ జరిగిన సంఘటన తాలూకు తునకలు ఎక్కువగా ఇవాళ రాత్రో రేపు రాత్రో కలలోకి వస్తాయి. ఆ తర్వాత కొన్నాళ్లు తగ్గి, ఐదు నుంచి ఏడు రోజుల మధ్య మళ్లీ వస్తాయి. వారం కిందట కలిసిన మనిషి ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు కలలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెదడు ఆ జ్ఞాపకాన్ని దాచుకునే పనిలో ఉందని పరిశోధకుల ఊహ.

2000లో హార్వర్డ్‌కు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందం చేసిన పని నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురంగా ఉంటుంది. ముక్కలు పైనుంచి కిందికి జారుతుంటే పేర్చుకుంటూ పోయే టెట్రిస్ ఆటను కొందరి చేత గంటల తరబడి ఆడించారు. నిద్ర పట్టే వేళకు చాలామందికి ఆ ముక్కలే కళ్ల ముందు జారాయి. అందులో వింత లేదు. ఆడినవాళ్లలో మతిమరుపు రోగులు కూడా ఉన్నారు. మెదడులో కొత్త జ్ఞాపకాలను పోగుచేసే భాగం దెబ్బతినడం వల్ల, ఆట ఆడినట్టే వాళ్లకు గుర్తులేదు. మర్నాడు మళ్లీ మొదటి నుంచీ నేర్పాల్సి వచ్చింది. అయినా వాళ్లలో కొందరికి కూడా నిద్రమత్తులో ఆ ముక్కలు కనిపించాయి. మనకు గుర్తులేని విషయం కూడా కలలోకి రాగలదన్నమాట.

నిద్రపోతున్న ఒంటికి తగిలేది కూడా కలలో కలుస్తుంది. 1958లో డిమెంట్, వోల్‌పర్ట్ అనే ఇద్దరు రెమ్ నిద్రలో ఉన్నవాళ్ల మీద చన్నీళ్లు చిలకరించారు, వెలుగు వేశారు, శబ్దం చేశారు. ఎక్కువగా కలలోకి చేరింది నీళ్లే. కొందరికి వాన వచ్చింది, కొందరికి పైకప్పు కారింది. బయట అలారం మోగుతుంటే మనకు కలలో గుడిగంట వినబడటమూ ఇలాంటిదే.

చూపు లేనివారి కలలు, నలుపు తెలుపు కలలు

పుట్టుకతో చూపు లేనివారికీ కలలు వస్తాయి. ఆ కలల్లో బొమ్మలు సాధారణంగా ఉండవు. మాటలు, స్పర్శ, వాసన, రుచి ఉంటాయి. నాలుగైదేళ్ల లోపే చూపు పోయినవారిదీ దాదాపు ఇదే తీరు. బడి వయసు దాటాక చూపు పోయినవారికి మాత్రం కలలో ఏళ్ల తరబడి మనుషులు కనిపిస్తూనే ఉంటారు.

కల నలుపు తెలుపుల్లో వస్తుందా, రంగుల్లోనా? 1940లు, 50లలో అమెరికాలో అడిగితే ఎక్కువమంది నలుపు తెలుపు అనే చెప్పారు. ఇప్పుడు అడిగితే చాలామంది రంగులే అంటారు. చిన్నప్పుడు చూసిన సినిమాలు, టీవీ ఏ రంగులో ఉన్నాయన్నదానితో దీనికి సంబంధం ఉందని 2008లో స్కాట్లాండులో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. దూరదర్శన్‌లో చిత్రలహరి నలుపు తెలుపుల్లో చూస్తూ పెరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒకసారి అడిగి చూడండి.

తిక్కనకు వచ్చిన కల, లోవీకి వచ్చిన కల

మన సాహిత్యంలో కలది పెద్దపీట. భారతాన్ని విరాటపర్వం నుంచి తెనిగించబోతూ తిక్కన, తన తండ్రి కొమ్మనామాత్యుడు కలలో కనిపించాడనీ, హరిహరనాథుడి దర్శనమైందనీ అవతారికలో చెప్పుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆగినప్పుడు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడు. ఆ కావ్యమే ఆముక్తమాల్యద. శోణపురంలో ఉష కలలో చూసిన మనిషి ఎవరో తెలుసుకోవడానికి చెలికత్తె చిత్రరేఖ లోకంలోని రాకుమారులందరి బొమ్మలూ గీసిన కథ మన యక్షగానాల్లో, నాటకాల్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు.

ఆధునిక విజ్ఞానంలో అలాంటి కల ఒకటి ఉంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఒట్టో లోవీ అనే వైద్యశాస్త్రవేత్త ఉండేవాడు. నాడి చివర నుంచి కండరానికి కబురు వెళ్లేది విద్యుత్తు రూపంలోనా, రసాయనం రూపంలోనా అన్నది అప్పటి పెద్ద చిక్కుముడి. ఆయనే రాసుకున్నదాని ప్రకారం, 1920 ఈస్టర్ ముందు రాత్రి నిద్రలోంచి లేచి, దీపం వేసి, కాగితం ముక్క మీద ఏదో గిలికి మళ్లీ పడుకున్నాడు. తెల్లారి చూసుకుంటే చాలా ముఖ్యమైనదేదో రాశానని గుర్తుంది, ఆ రాత మాత్రం కూడబలుక్కున్నా అర్థం కాలేదు. ఆ పగలంతా తల పట్టుకుని కూర్చున్నాడు. మరుసటి రాత్రి మూడు గంటలకు అదే ఆలోచన మళ్లీ వచ్చింది. ఈసారి కాగితం జోలికి పోలేదు. వెంటనే లేచి ప్రయోగశాలకు వెళ్లాడు.

రెండు కప్పల గుండెలు తీశాడు. రెండూ ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకుంటున్నాయి. ఒకదాని నాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తే దాని వేగం తగ్గింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి రెండో గుండెకు పట్టించాడు. ఆ గుండెకు ఏ నాడీ తగలలేదు, అయినా దాని వేగమూ తగ్గింది. కబురు మోసేది రసాయనమేనని అలా రుజువైంది. ఆ రసాయనమే అసిటైల్‌కోలిన్. 1936లో లోవీకి, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మరిచిపోకూడని సంగతి ఒకటుంది. నాడి రసాయనం ద్వారా పనిచేస్తుందేమోనన్న ఊహ లోవీకి 1903లోనే వచ్చింది. రుజువు చేసే దారి తెలియక పదిహేడేళ్లు వదిలేశాడు. కప్ప గుండెతో పనిచేసే పద్ధతిని అంతకు ముందు వేరే పని కోసం చేతికి అలవాటు చేసుకున్నాడు. కల ఈ రెండింటినీ కలిపింది, అంతే. ఆ కల మరొకరికి వచ్చి ఉంటే పొద్దున లేచి మరిచిపోయేవారు. తిక్కన ఉదంతమైనా ఇంతే అనుకుంటాను. భారతం తెనిగించాలన్న తపన పగలంతా మనసులో ఉన్నవాడికే రాత్రి హరిహరనాథుడు కనిపిస్తాడు.

పళ్లు ఊడితే, పాము కనిపిస్తే

పళ్లు ఊడినట్టు కల వస్తే దగ్గరివాళ్లకు కీడంటారు. ఈ భయం మన ఒక్కరిదే కాదు. రెండో శతాబ్దంలో అర్తెమిదోరస్ అనే గ్రీకు రచయిత స్వప్నశాస్త్రం రాస్తూ, నోరు ఇల్లు, పళ్లు ఇంట్లోవాళ్లు అన్నాడు. కుడివైపు పళ్లు మగవాళ్లట, ఎడమవైపువి ఆడవాళ్లట. అయితే ఆయన మరో మాట కూడా అన్నాడు. కల కన్నవాడు ఎవరు, ఏం పని చేస్తాడు, ఉన్నవాడా లేనివాడా అన్నది తెలియకుండా ఫలం చెప్పకూడదట. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మనిషికి ఉన్న ఆ జాగ్రత్త, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అక్షరక్రమంలో ఫలితాలు చెప్పేవారికి లేదు. పాము కనిపిస్తే సంతానమని ఒకరు, నాగదోషమని ఇంకొకరు, శత్రువని మరొకరు చెబుతుంటే ఎవరిని నమ్మాలి?

పళ్ల కల మీద 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు రెండువందల మందికి పైగా విద్యార్థులను అడిగి చూశారు. మనసులో దిగులుకూ ఆ కలకూ సంబంధం దొరకలేదు. పొద్దున లేవగానే పళ్లలో, చిగుళ్లలో, దవడలో నొప్పి, బిగువు ఉన్నవాళ్లకే ఆ కల ఎక్కువగా వస్తోందని తేలింది. నిద్రలో పళ్లు కొరికేవాళ్లు గమనించుకోవాల్సిన విషయం ఇది.

గుర్తులకు అర్థం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే మళ్లీ రామాయణమే తీయాలి. భరతుడి కలలో దశరథుడు గాడిదలు కట్టిన బండిలో దక్షిణ దిక్కుకు పోతాడు. అశోకవనంలో త్రిజట కలలో రావణుడు ఒంటినిండా నూనెతో గాడిదనెక్కి అదే దక్షిణానికి పోతాడు. చరకసంహిత కూడా గాడిదనెక్కి దక్షిణానికి పోయినట్టు కల వస్తే చావుకు సూచన అంటుంది. కవికి, వైద్యుడికి, వినే జనానికి అందరికీ ఆ గుర్తులు ముందే తెలుసు. యముడి దిక్కు ఏదో తెలియని దేశంలో దక్షిణానికి ప్రయాణం చేసినట్టు కల వస్తే ఎవరూ ఉలిక్కిపడరు.

ఇక ఆధునిక కాలానికి వస్తే, కలల మీద మానసిక వైద్యుడు ఫ్రాయిడ్ రాయగా 1899 నవంబరులో వెలువడిన పుస్తకం కలను తీరని కోరికకు మారువేషమంది. మొదట అచ్చేసిన ఆరువందల ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. తర్వాత లోకమంతా ఆ మాటే మాట్లాడింది. 1977లో హార్వర్డ్‌లో హాబ్సన్, మెక్‌కార్లీ అనే ఇద్దరు దానికి పూర్తిగా ఎదురు నిలిచారు. మెదడు అడుగుభాగం నుంచి ఒక తీరూ తెన్నూ లేకుండా సంకేతాలు పైకి వస్తాయని, పైమెదడు వాటికి చేతనైన కథ అల్లుతుందని, అదే కల అని అన్నారు. ఆ తర్వాత మార్క్ సోమ్స్ మెదడు దెబ్బతిన్న రోగులను వందల సంఖ్యలో పరిశీలించి, కోరికలను, ఆసక్తిని నడిపే ముందుభాగం దెబ్బతింటే రెమ్ నిద్ర ఉన్నా కలలు ఆగిపోతాయని చూపించాడు. ఫ్రాయిడ్ చెప్పినంత మారువేషం ఉండకపోవచ్చు, కానీ కోరికకూ కలకూ చుట్టరికం ఉందన్నమాట. నా మటుకు నాకు తోచేది ఇది: కల అర్థం పుస్తకంలో దొరకదు, కల కన్న మనిషి గడిపిన వారం రోజుల్లో వెతకాలి. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లయినా పరీక్ష హాలుకు ఆలస్యమైనట్టు కల వస్తోందంటే, ఆ వారంలో ఏ పనికి గడువు ముంచుకొస్తోందో చూసుకోవాలి.

పీడకలకు మందు

పీడకల వస్తే గజేంద్రమోక్షం చదువుకోమంటారు. ఆ ఘట్టం చదివితే దుస్స్వప్నాలు పోతాయని భాగవతంలోనే ఉంది. మొసలి నోట చిక్కిన ఏనుగు చివరికి బయటపడే కథ అది. భయపడ్డ మనసుకు ఊరటనిచ్చే ముగింపు.

ముగింపు మార్చడమే మందుగా నేటి వైద్యులు వాడుతున్న పద్ధతి ఒకటుంది. పదేపదే వచ్చే పీడకలను పగటిపూట కాగితం మీద రాయాలి. దాని కథను మీకు నచ్చినట్టు మార్చాలి. తరిమేవాడు ఆగిపోవచ్చు, తలుపు తెరుచుకోవచ్చు, తోడు మనిషి రావచ్చు. మార్చిన కథను రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో నడిపించుకోవాలి. లైంగిక దాడికి గురై ఏళ్ల తరబడి పీడకలలతో నలిగిన స్త్రీల మీద అమెరికాలో బ్యారీ క్రాకౌ బృందం ఈ పద్ధతిని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. పెద్ద గాయం వెనుక ఉన్న పీడకల అయితే మాత్రం ఒంటరిగా కాక, మానసిక వైద్యుల తోడుతో చేయడం మంచిది. రక్తపోటుకు, దిగులుకు వాడే కొన్ని మందులు కూడా పీడకలలు తెస్తాయి. కొత్త మాత్ర మొదలుపెట్టాక కలలు మారితే దాన్ని మీ అంతట మీరు మానెయ్యకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

చివరగా, పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఒక మాట. జూవే పిల్లులలో చూసింది మనుషుల్లోనూ జరుగుతుందని 1986లో మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ కనుగొన్నారు. యాభై దాటిన కొందరిలో, ముఖ్యంగా మగవాళ్లలో, కలలో ఒళ్లు కదలకుండా ఉంచే కట్టు సడలిపోతుంది. నిద్రలోనే అరుస్తారు, గుద్దుతారు, తన్నుతారు, మంచం మీంచి దూకుతారు. లేపితే ఎవరో తరిమారనో, కుక్క మీదపడిందనో కల చెబుతారు. అలాంటివారిలో చాలామందికి ఏళ్లు గడిచాక పార్కిన్సన్స్ గానీ, ఆ కోవకే చెందిన మరో నాడీవ్యాధి గానీ వస్తోందని ఇప్పుడు వైద్యలోకానికి బాగా తెలుసు. మీ నాన్నగారో తాతగారో నిద్రలో ఇలా చేస్తుంటే గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోకండి. మంచం పక్క నుంచి గాజు వస్తువులు, పదునైనవి తీసెయ్యండి, వీలైతే పరుపు నేల మీద వెయ్యండి, ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.